సురక్షిత రక్తము: ఒక విధానము యొక్క చరిత్ర

ఖమ్మము నుండి కొత్తగూడెము మీదుగా గోదావరి ఒడ్డుననున్న భద్రాచలము చేరు త్రోవలో బొగ్గుగనులు, వాటి నానుకొని అడవులు కనిపించును. గనిలో గాయపడిన కార్మికునికి, కాన్పులో అధిక రక్తస్రావమైన కోయ స్త్రీకి, సికిల్ సెల్ వ్యాధితో బాధపడు బాలునికి ఒక్కొక్కప్పుడు పరుల రక్తమే ప్రాణాధారము. ఆ రక్తమే వ్యాధిని మోసికొని వచ్చినచో? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మన దేశపు హెచ్.ఐ.వి. నివారణ విధానము చాలవరకు రూపుదిద్దుకొన్నది.

1981లో అమెరికా వైద్యులు ఎయిడ్స్ వ్యాధిని తొలిసారి గుర్తించిరి. 1983లో పారిస్ నందలి పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దానికి కారణమైన వైరస్‌ను వేరుపరచిరి. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల జరిపిన పరిశీలనల వలన ఆ వైరస్ మన దేశమున ప్రవేశించినట్లు తేలినది. అది లైంగిక సంపర్కము వలనను, కలుషితమైన రక్తము, సూదుల వలనను, తల్లి నుండి బిడ్డకును సోకును. ప్రక్కన కూర్చుండుట వలన గాని, కలసి భుజించుట వలన గాని సోకదు.

అయినను తొలి రోజులలో ప్రభుత్వములను నడిపినది భయమే. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకుడు రక్తదానము చేయగా, పరీక్షలో హెచ్.ఐ.వి. బయటపడినది. అధికారులు ఆతనిని సుమారు రెండు నెలలపాటు ఒంటరిగా నిర్బంధించిరి. మేలు చేయవచ్చిన దాతకు దక్కిన ఫలము ఇది! ఇట్టి చర్యల వలన రోగులు పరీక్షకు రాక దాగుదురనియు, వ్యాధి మరింత వ్యాపించుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఎయిడ్స్ కార్యక్రమమునకు నాయకత్వము వహించిన జోనాథన్ మాన్ ఆనాడే హెచ్చరించెను.

దీనికి శాస్త్రీయమైన కారణము కలదు. వైరస్ సోకిన వెంటనే శరీరములో ప్రతిరక్షకములు పుట్టవు. అందుకు కొన్ని వారములు పట్టును. ప్రతిరక్షకములను వెదకు పరీక్ష ఆ వ్యవధిలో వైరస్‌ను పట్టుకొనజాలదు. కనుక దానము చేసిన రక్తమును పరీక్షించుట 1989 నుండి తప్పనిసరి చేసినను, అది ఒక్కటే చాలదు. దాత తన సంగతి దాచక చెప్పవలెను. డబ్బుకై రక్తము అమ్ముకొనువాడు నిజము చెప్పిన ఆనాటి కూలి పోగొట్టుకొనును. అందుచే 1996లో సుప్రీంకోర్టు రక్తవిక్రయమును మాన్పవలెనని ఆదేశించగా, 1998 జనవరి 1 నుండి అది నిషిద్ధమైనది.

ఆ తరువాతి అధ్యాయము ఈ ప్రాంతమునకు మిక్కిలి దగ్గరిది. సింగరేణి బొగ్గుగనుల సంస్థ ప్రధాన కార్యాలయము కొత్తగూడెములో ఉన్నది. ఆ సంస్థ ఆసుపత్రిలో పరీక్షించని రక్తము ఎక్కించుటచే తనకు హెచ్.ఐ.వి. సోకినదని ఒక మహిళ హైకోర్టుకు మొరపెట్టుకొనెను. రక్తమిచ్చినది దగ్గరి బంధువే. అయినవారి రక్తమైనను పరీక్ష లేనిదే ఎక్కింపరాదని దీనివలన గ్రహింపవలెను. 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమెకు పరిహారము ఇప్పించుటయే గాక, ప్రభుత్వమునకు పెక్కు ఆదేశములిచ్చెను. రక్తనిధులలో పరీక్ష సక్రమముగా జరుగవలెను; ఒకరికి వాడిన సూది మరొకరికి వాడరాదు; రోగుల పేర్లు వెల్లడి చేయరాదు, అప్పుడే ఇతరులును చికిత్సకు ముందుకు వత్తురు.

2004 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో ఉచిత చికిత్స ఆరంభమైనది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చినది. దాని ప్రకారము మనిషిని పరీక్షించుటకు ఆతని సమ్మతి కావలెను; ఆతని వివరములు రహస్యముగా ఉంచవలెను; ఉద్యోగమున గాని, బడిలో గాని వివక్ష చూపరాదు. అయితే రోగులకు ఎక్కించుటకై సేకరించిన రక్తమును పరీక్షించుటకు ఈ సమ్మతి నియమము అడ్డురాదు. మనిషి గౌరవమును, రక్తము యొక్క శుద్ధిని చట్టము ఈ విధముగా జతపరచినది.

రక్తనిధిలో దాతను కొన్ని ప్రశ్నలడుగుదురు. ఇరుగుపొరుగునకు తెలియునేమో అను జంకు లేనినాడే ఆతడు సత్యము పలుకును. ఆ సత్యము మీదనే గోదావరి ఒడ్డున ఆసుపత్రిలో పడుకొన్న బాలింత ప్రాణము ఆధారపడియున్నది.