కోరింగ అభయారణ్యం: అడవికి రక్షణ, పర్యాటకానికి ఊతం... మరి మత్స్యకారుడికి?

తాళ్లరేవు: గోదావరి సముద్రంలో కలిసే చోట విస్తరించిన కోరింగ మడ అడవులు ఒకవైపు వన్యప్రాణులకు ఆవాసం, మరోవైపు పర్యాటకులకు ఆకర్షణ, ఇంకోవైపు వేలాది మత్స్యకార కుటుంబాలకు జీవనాధారం. ఈ మూడింటినీ సమన్వయం చేయడంలో అభయారణ్యం ఎంతవరకు సఫలమైందో పరిశీలిస్తే మిశ్రమ ఫలితాలే కానవస్తాయి.

ఏర్పాటు ఇలా..
కోరింగ, కోరింగ ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం రిజర్వు అడవులను కలిపి 1978 జులైలో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. బావురు పిల్లి, నీటికుక్కలతో పాటు రెండు వందలకు పైగా పక్షిజాతులు ఇక్కడ ఆశ్రయం పొందుతున్నాయి. కాకినాడ రేవుకు సహజసిద్ధమైన అడ్డుగోడగా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలపై ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా గుడ్లు పెడతాయి.

చట్టం ఏమంటోంది?
అభయారణ్యంలో చెట్లు నరకడం, వన్యప్రాణులకు హాని తలపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయితే తీర జలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలని 1991 సవరణతో వచ్చిన 26-ఎ సెక్షన్ నిర్దేశిస్తోంది. అనగా అడవిని కాపాడటంతో పాటు బెస్తవాని బతుకును కాపాడటం కూడా చట్టబద్ధమైన బాధ్యతే.

అడవి ఉంటేనే వేట
మడచెట్ల వేళ్ల మధ్యనే రొయ్య పిల్లలు, మండపీతలు, చేప పిల్లలు పెరుగుతాయి. అక్కడ పెరిగినవే తర్వాత ఉప్పుటేరుల్లోనూ, సముద్రంలోనూ వలలకు చిక్కుతాయి. కావున అడవి తరిగితే వేట తరుగుతుంది. 1996 నవంబరు 6న ఈ తీరాన్ని తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొంది. గాలి, అలల ఉద్ధృతిని తగ్గించే మడ అడవుల విలువ ఆ తర్వాత మరింతగా చర్చకు వచ్చింది. 1990 దశకం చివరి నుంచి ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ గ్రామస్థులను, అటవీశాఖను కలుపుకొని క్షీణించిన అడవిని పునరుద్ధరించింది. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీటిని లోపలికి మళ్లించడంతో మొక్కలు తిరిగి నిలదొక్కుకున్నాయి. కూలి రూపంలో స్థానికులకు ఉపాధి లభించింది.

పర్యాటకం వాటా ఎవరికి?
కోరింగ వద్ద అటవీశాఖ నిర్మించిన చెక్క నడకదారి, పడవ విహారం సందర్శకులను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. కాకినాడ, యానాం సమీపంలో ఉండటం కలిసివచ్చింది. స్థానికులను భాగస్వాములను చేయడం ఈ విధానంలో మెచ్చదగినది. అయితే సందర్శకుల రాక రహదారి పక్కనున్న ఒక్క ప్రవేశద్వారం వద్దనే కేంద్రీకృతం కావడంతో, ఏరుల ఆవలి మత్స్యకార గ్రామాలకు దాని ఫలం అంతగా అందడం లేదు. పీతలు పట్టే కుటుంబానికి టిక్కెట్టు ఆదాయం ప్రత్యామ్నాయం కాజాలదు.

తాబేళ్లు.. ట్రాలర్లు
తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు మరపడవల వేటను రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ నిబంధనలు నిషేధిస్తున్నాయి. ఆ హద్దును మీరిన ట్రాలర్ల వలల్లో చిక్కి తాబేళ్లు మరణిస్తున్నాయి, నాటు పడవల వారి వలలు తెగిపోతున్నాయి. 2025 జనవరిలో కాకినాడ తీరానికి పెద్దసంఖ్యలో తాబేళ్ల కళేబరాలు కొట్టుకురావడం కలకలం రేపింది. వలలో చిక్కిన తాబేలు బయటపడేందుకు వీలు కల్పించే ప్రత్యేక పరికరాన్ని అమర్చుకోవాలని అధికారులు కోరుతుండగా, దానివల్ల చేపలు సైతం జారిపోతాయన్నది బోటు యజమానుల అభ్యంతరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామానికి ప్రభుత్వం చెల్లించే భృతిని 2025లో రూ.20 వేలకు పెంచారు. కానీ తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి-మార్చి కాలం ఈ విరామానికి వెలుపలే ఉంది.

హద్దుల వెలుపలే ముప్పు
అభయారణ్యం లోపల అడవికి రక్షణ ఉన్నప్పటికీ వెలుపల రొయ్యల చెరువులు, రేవు విస్తరణ, చమురు, సహజవాయు అన్వేషణ ఒత్తిడి పెంచుతున్నాయి. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద పేదల ఇళ్లస్థలాల కోసం మడ అడవిని పూడ్చడం వివాదాస్పదమై జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. వంటచెరకు కోసం కొమ్మ నరికిన మహిళపై కేసు పెట్టే యంత్రాంగం, ఎకరాల కొద్దీ అడవి మాయమైనప్పుడు అంతే కఠినంగా వ్యవహరించాలని తీర గ్రామాల వారు కోరడం సహజమే.

చేయవలసింది
ట్రాలర్ల హద్దును నిక్కచ్చిగా అమలు చేస్తే తాబేళ్లకు, చిన్న మత్స్యకారులకు ఒకేసారి మేలు జరుగుతుంది. పర్యాటక ఆదాయంలో నిర్ణీత భాగాన్ని లోపలి గ్రామాల గ్రామాభివృద్ధికి కేటాయించాలి. వేట హక్కులు ఎక్కడ, ఎంతవరకు అన్నది గ్రామాల వారీగా తెలుగులో ప్రకటించాలి. అడవిపై ఆధారపడినవాడే దానికి కావలి కాగలడన్న సత్యాన్ని గుర్తించినప్పుడే అభయారణ్యం లక్ష్యం నెరవేరుతుంది.