పరీక్ష తప్పిన విద్యార్థి

పెద్దమండ్యము వంటి మెట్టపల్లెలలో వాన తప్పిన యేఁడు పిల్లల చదువును తప్పుచుండును. పరీక్ష తప్పిన బాలుని బడి మాన్పుఁడని మేమును బెక్కుమాఱులు తండ్రులతోఁ జెప్పితిమి. ఆ మాట దోషమని యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము మాకు నేర్పినది.

వీరు 1895లో భీమవరమునందు బీదకుటుంబమున జన్మించిరి. విద్యార్థిదశయందే తండ్రి గతించెను. మెట్రిక్యులేషనునందు రెండుమాఱులు తప్పియు, తల్లి వెంకమ్మగారి పట్టుదలచే మూఁడవమాఱు గెలిచిరి. మామగారి ధనసాహాయ్యమున మదరాసు వైద్యకళాశాలలోఁ జదివిరి. స్ప్రూ యను జీర్ణవ్యాధి సోదరుల నిరువురను హరించెను. 1923లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకుఁ బోవుటకు మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయుఁ దోడ్పడెను. బోస్టనులో నాసుపత్రియందు రాత్రిపని చేసి చదువుకొనిరి. 1945లో వీరి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా సిద్ధమై, ఆ వ్యాధికే యౌషధమయ్యెను.

దాత కులము వేఱు, గ్రహీత కులము వేఱు. ఫలము లోకమునకెల్ల దక్కినది. కావున పోషకమహాశయులారా, మన విద్యానిధి మొదటి తరగతి వారికే గాక, తప్పియు మరల నిలువఁబూనిన బీదబిడ్డకును, అతఁడే కులమువాఁడైనను, చేయూత నిచ్చుఁగాక యని ప్రార్థించుచున్నాము.