జపానీయుల యక్షరమాలయు స్త్రీల వ్రాఁతయు

బంగారుపాళ్యమునందు బాలురకు ఓనమాలు నేర్పుచు, మన వర్ణక్రమము మన దేశమునకే పరిమితమని నేను చాలకాలము తలఁచియుంటిని. జపాను పూర్వచరిత్రమును చదివిన పిమ్మట నా భ్రమ తొలఁగినది. ఆ దేశపు బాలుఁడును అ, ఇ, ఉ, ఎ, ఒ యని మొదలిడి, క, స, త, న, హ, మ, య, ర, వ యను వరుసనే నేర్చుచున్నాఁడు. అందు సకారము మన చవర్గపు చోటను, హకారము పవర్గపు చోటను నిలిచినవి. పూర్వమా హకారము పకారముగా పలుకఁబడెడిదని భాషావేత్తలందురు. బౌద్ధభిక్షువులు సంస్కృతాక్షరములను, మంత్రోచ్చారణమును అభ్యసించుటయే యీ క్రమమునకు మూలము.

జపానీయులకు మొదట లిపి లేదు. కొరియా మార్గమున చీనాలిపియు, ఆఱవ శతాబ్దమున బౌద్ధమతమును వారికి లభించినవి. 604లో షోతోకు రాకుమారుఁడు ప్రకటించెనని చెప్పఁబడు పదునేడు నియమములును, 720లో ముగిసిన నిహోన్ షోకి యను రాజచరిత్రమును చీనాభాషలోనే యున్నవి. స్వభాషాపదములను వ్రాయవలసినపుడు చీనాక్షరముల యర్థమును విడిచి ధ్వనిని మాత్రము గ్రహించిరి. తొమ్మిదవ శతాబ్దమున నా యక్షరములే సంగ్రహింపఁబడి 'కన' యను సులభలిపి యేర్పడెను.

అయినను పండితులును రాజోద్యోగులును చీనాభాషనే గౌరవించిరి. కనలిపికి 'ఆఁడువారి వ్రాఁత' యని పేరు వచ్చినది. 935 ప్రాంతమున కి నో త్సురాయుకి యను కవి స్వభాషలో ప్రయాణపు దినచర్యను వ్రాయఁ దలఁచి, దానిని స్త్రీ వ్రాసినట్లు రచించెను. తల్లిభాషలో వ్రాయుటకు పురుషుఁడు స్త్రీవేషమును ధరింపవలసివచ్చెనన్నమాట!

మురాసాకి షికిబు వృత్తాంతము మఱియు విచారణీయము. తండ్రి ఆమె సోదరునకు చీనాగ్రంథములు చెప్పుచుండఁగా, ప్రక్కనుండి విని యామెయే ముందుగా గ్రహించెడిదఁట. ఇది మగబిడ్డగా పుట్టకపోయెనే యని తండ్రి విచారించినట్లు ఆమెయే తన దినచర్యయందు వ్రాసికొన్నది. పదునొకండవ శతాబ్దారంభమున నామె కనలిపిలో రచించిన గెంజి కథను నేఁడు లోకమంతయు చదువుచున్నది. నాఁటి పురుషులు చీనాభాషలో వ్రాసినవానిని చదువువారు మిగుల నరుదు. ఇంతటి రచయిత్రి యసలు పేరు మాత్రము నిశ్చయముగా తెలియరాలేదు. మురాసాకి యనునది వ్యవహారనామమే.

ఆ శతాబ్దమునందే మన నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతమును తెనిఁగింప పూనెను. పరుల విద్యను గ్రహించుట లోపము కాదు. జపానీయులు చీనానుండి లిపిని, భారతదేశమునుండి వర్ణక్రమమును గ్రహించి, తమ మాటనే వ్రాసికొనిరి. ఇంటిభాషను చులకన చేయుటయు, ఇంటి యాఁడుబిడ్డను మఱచుటయునే లోపములు. కుమారుని చదువునకు అప్పైనను చేసి, కూఁతురి చదువునకు వెనుదీయు గృహములు మనలో నిప్పటికిని గలవు. చదువరులారా! కుమారునకు పాఠము చెప్పునపుడు తలుపుచాటున విను కూఁతునుగూడ పిలిచి ప్రక్కన కూర్చుండఁబెట్టుఁడు.