అద్దె లేని ఇల్లు

ఈ వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం పెద్దమందడిలో మా ఇంటి అరుగు మీద నేనూ నా సహచరుడూ కాగితం, పెన్నూ పెట్టుకుని కూర్చున్నాం. వనపర్తిలో గంటల లెక్కన పాఠాలు చెప్పే పనిలో ఆరేళ్లుగా ఉన్నాను. డాక్టరేట్ వచ్చాక కూడా ఆ పని పేరు మారలేదు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీ పిలిచింది, నెలకు పద్దెనిమిది వేలు ఎక్కువ ఇస్తామంది. కాగితానికి ఒకవైపు ఆ 18,000 రాశాం. రెండోవైపు రెండు గదుల ఇంటి అద్దె 14,000 (ఇప్పుడు వనపర్తిలో కట్టేది 4,500), పాప బడి ఫీజు, ఆటో, పాలు, నీళ్ల డబ్బాలు. ఊరి నుంచి వచ్చే బియ్యం, కందిపప్పు, పల్లీలు ఇకమీద కొనుక్కోవాలి. అతను ఎరువుల దుకాణంలో చేస్తున్న లెక్కల పని వదులుకోవాలి. అక్కడ ఇంకోటి దొరికేదాకా ఆ జీతం సున్నా.

మంచం మీద పడుకుని వింటున్న మా అవ్వ లేచి కూర్చుంది. ఆమెకు ఎనభై దాటాయి. "పిల్లను ఎవరు పట్టుకుంటరో రాసినవా బిడ్డా?" అంది. రాయలేదు. "పొయ్యిలకు?" అంది. గ్యాసు ఉంటుంది అవ్వా అన్నాను. "గ్యాసు ఊకె వస్తదా? నీల్లు యాడికెల్లి తెస్తవు? ఎవరన్న సస్తె ఊరికి వచ్చిపోయే ఖర్చు రాసినవా?"

చదువు రాని మనిషికి ఈ పద్దులన్నీ ఇంత వరసగా ఎలా తెలుసు అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, వెంటనే సిగ్గుపడ్డాను. వలస మీద స్త్రీలు రాసిన కథల గురించి అయిదేళ్లు పరిశోధన చేసినదాన్ని. నాగార్జునసాగర్ కట్టడానికి రాళ్లూ సున్నం మోసిన మనిషి నా ఇంట్లోనే ఉంటే, ఒక్కసారి కూడా టేప్ రికార్డర్ ఆమె ముందు పెట్టలేదు. మా అవ్వ నాకు 'సోర్సు'గా కనిపించలేదు, అవ్వగానే కనిపించింది.

పాలమూరు వలస గురించి రాసిన ప్రతి వ్యాసమూ కరువుతో మొదలవుతుంది. వానలు లేక, చెరువులు ఎండి, జనం పోయారు అని. అబద్ధం కాదు, కానీ ఆ వాక్యంలో ఎవరూ దేన్నీ బేరీజు వేసుకోరు. వాన పడదు, మనుషులు కొట్టుకుపోతారు, అంతే. అవ్వ చెప్పినదాంట్లో అలా లేదు. పోవాలా వద్దా అని ప్రతి ఏడూ లెక్క నడిచేది. ఇంట్లో ఎన్ని జొన్నలున్నాయి, అవి ఎన్నాళ్లొస్తాయి, బర్రెను ఎవరింట్లో కట్టేయాలి, పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలి. అయితే ఆ లెక్క మొదలయ్యేసరికే సగం తేలిపోయి ఉండేది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఆడబిడ్డ పెళ్లికో పాత అప్పుకో ఖర్చయిపోయాక, పోతే ఎంత మిగులుతుంది అన్న ప్రశ్నకు అర్థమేముంది? "మామ, మేస్త్రి మాట్లాడుకున్నరు. నేను జొన్నలు మూటగట్టిన" అంది అవ్వ. నిర్ణయం మగవాళ్లది, దాన్ని బతికించే లెక్క ఆడవాళ్లది.

సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీలూ మనం బడిలో బట్టీ పెట్టినవే. మధ్యలో పన్నెండేళ్లు. అది రాతికట్టడం, యంత్రాలకంటే మనుషుల చేతుల మీద, తలల మీద ఎక్కువగా లేచిన డ్యామ్. ఆనాటి ఫోటోల్లో పరంజాల మీద తట్టలతో బారులు తీరిన ఆడవాళ్లు కనిపిస్తారు. మొహాలు కనిపించవు. ఆ బారులో మా అవ్వ ఉందేమో అని నేను భూతద్దం పెట్టి వెతికానంటే నవ్వుకోకండి.

తీసుకుపోయిన జొన్నలు రెండు నెలలు వచ్చేవట. తర్వాత క్యాంపు దగ్గరి దుకాణమే గతి. అక్కడ ధర ఊరి ధర కాదు. రొక్కం ఇచ్చి కొనే వీలూ లేదు, మేస్త్రి పద్దులో రాయించుకోవాలి. కూలి జంట లెక్కన వచ్చేది, మొగుడి చేతికి. "నీకెంత ఇచ్చేవారు?" అని అడిగాను. "నాకేందే? మాకు ఇచ్చిండ్రు" అంది. ఈ 'మాకు' అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో ప్రేమా ఉంది, దోపిడీ కూడా ఉంది. మహారాష్ట్రలో చెరకు నరికే మొగుడూ పెళ్లాల్ని కలిపి ఒక్క 'కోయిత'గా, అంటే ఒక్క కొడవలిగా లెక్కపెడతారు. బీడ్ జిల్లాలో అలాంటి కూలీ స్త్రీలు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్నారని 2019లో బయటపడినప్పుడు దేశం ఉలిక్కిపడింది. రోజు పోతే జంట కూలి మొత్తం పోతుంది, పైగా జరిమానా. నెలసరికి సెలవు ఇచ్చే లెక్క ఏ కాంట్రాక్టరు పుస్తకంలోనూ లేదు.

జనగణన వాళ్లకూ మా అవ్వ ఇలాగే కనిపిస్తుంది. ఊరు మారడానికి కారణం ఏమిటి అని వాళ్ల కాగితంలో కొన్ని గళ్లుంటాయి: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, కుటుంబంతో పాటు తరలడం. 2001లోనూ 2011లోనూ ఇవే గళ్లు. మనిషికి ఒక్క గడే. మొగుడిది 'పని', పెళ్లాం 'పెళ్లి' లేదా 'కుటుంబంతో తరలడం'. ఇద్దరూ ఒకే గుంతలో దిగినా, అతను తవ్విన మట్టిని ఆమె మోస్తేనే కొలత తేలినా అంతే. దేశంలో ఆడవాళ్ల వలసకు ప్రధాన కారణం పెళ్లి అని ఆర్థికవేత్తలు రాసే వాక్యం వెనక ఈ గడి ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఈ మాయమైపోవడం సాగర్‌తో మొదలైంది కాదు. బొంబాయిలో కామాటిపుర ఉంది. నిజాం ఇలాకాల నుంచి కట్టుబడి పనులకు పోయిన తెలుగు కామాటీలు స్థిరపడిన పేట కాబట్టి ఆ పేరు. కామాటి అంటే కూలి మనిషి. రాళ్లు మోసినవాళ్ల పేరు మీద ఉన్న ఆ పేటను తర్వాత లోకం ఒక్క రకం ఆడవాళ్లతోనే గుర్తుపెట్టుకుంది. మట్టి మోసిన ఆడవాళ్లు పేరులోనూ లేరు, అపవాదులోనూ లేరు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మా వనపర్తి గురించి ఒక ముచ్చట చెప్పాలి. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి అంతకుముందే, 1949లో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం తిండీ, బట్టా, ఆటా పాటా చరిత్రే అన్న మనిషి. దానికి ఆయన ప్రధానంగా నమ్ముకున్న ఆకరాలు కావ్యాలు. మా అవ్వలు కావ్యాల్లో ఎక్కడ దొరుకుతారు? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు విన్నారు. పోరాటం చేసినవాళ్ల చరిత్ర అలా కొంతైనా దక్కింది. పోరాటమేదీ చేయకుండా తట్ట మోసి వచ్చినవాళ్లను అడగడానికి సందర్భం ఏముంటుంది అనుకున్నామేమో.

చట్టానికి మాత్రం ఒకసారి ఈ లెక్క తట్టింది. ఒడిషా దాదన్ కూలీల వెతలు బయటికొచ్చాక, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. కూలికి కుదుర్చుకునేటప్పుడే కాంట్రాక్టరు విస్థాపన భత్యం ఇవ్వాలి అన్నారు: నెలకూలిలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. తిరిగి అడగకూడదు. ఇది కాక దారి ఖర్చు, దారిలో గడిచిన రోజులకు కూలి, ఉండడానికి ఇల్లు, వైద్యం. ఇల్లు కదలడానికే ఒక ఖరీదుందని, దాన్ని పని చేయించుకునేవాడు భరించాలని రాజ్యం ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. అమలు సంగతి అడగకండి. పైగా పేరులోనే ఉంది, అంతర్రాష్ట్రం. అప్పట్లో పెద్దమందడి నుంచి హైదరాబాదు పోయినా, సాగర్ పోయినా, శ్రీశైలం పోయినా రాష్ట్రం దాటినట్టు కాదు, భత్యం వర్తించేది కాదు. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 కోడ్‌లో విస్థాపన భత్యం అసలే లేదు.

మా మేనత్త హైదరాబాదు పోయింది తొంభైల చివర్లో. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పని మామకు. ఇది రాయడానికే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఊళ్లో అందరూ అదృష్టవంతులన్నారు, ఎందుకంటే అద్దె లేదు. హైదరాబాదులో జీతంలో సగం మింగేది అద్దే కదా. కింద సెల్లారులో, మోటారు పక్కన, ఒక గది. కిటికీ లేదు, కార్ల పొగ లోపలికే. ఆ గదికి అద్దె లేదన్న మాట ఎంత అబద్ధమో అత్త దినచర్య వింటే తెలుస్తుంది. పొద్దున అయిదింటికి మోటారు వేయాలి. మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి, గేటు ముందు చల్లి ముగ్గేయాలి, చెత్త దించాలి. ఎవరింట్లోనైనా పనిమనిషి రాకపోతే పిలుపు అత్తకే, కాదనడానికి లేదు. పండగలకు ఊరికి పోవడానికి లేదు, ఎందుకంటే అందరూ ఊళ్లకు పోయేది అప్పుడే. జీతం చీటీ మీద ఒక్కటే పేరు, మామది. ఒకసారి అసోసియేషన్ మీటింగులో ఎవరో "గది ఫ్రీగా ఇస్తున్నాం కదా" అన్నారట. అత్త ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట మర్చిపోలేదు. "ఆ రూము కిరాయి నా నడుము కట్టింది" అంది నాతో.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయిన ఇళ్లలో మగవాడు పోతాడు, భార్య ఊళ్లో మిగులుతుంది. ఆ ఎదురుచూపు మీద పాటలొచ్చాయి, కథలొచ్చాయి. మా పాలమూరులో ఆడది వెంట పోతుంది, కాబట్టి విరహం లేదు, పాటా రాలేదు. ఊళ్లో మిగిలేవాళ్లు ముసలివాళ్లూ పిల్లలూ. మా నాయిన అలా అమ్మమ్మ దగ్గర మిగిలిన పిల్లవాడే. తల్లిని ఏడాదికి రెండు నెలలు చూశాడు. ఆయన ఈ రోజుకీ మా అవ్వను పేరు పెట్టి పిలుస్తాడు, అమ్మా అనడు. దీనిని ఏ పద్దులో రాయాలి?

2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. కూలి ఎవరిది వాళ్ల ఖాతాలో పడడం మా అమ్మ తరం ఆడవాళ్లు మొదటిసారి చూసింది అక్కడే. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక వరి పెరిగింది. ఇతర రాష్ట్రాల నుంచి నాట్లకు కూలీలు మా వైపు రావడం కూడా చూశాను. అయినా అత్తలాంటి వాళ్లు తిరిగి రాలేదు. పిల్లల చదువు అక్కడ పడిపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాత్రం చాలామంది జాతీయ రహదారి పట్టి నడిచొచ్చారు. రేషన్ కార్డు ఊళ్లో, మనిషి నగరంలో. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఒకరి కార్డు ఇంకోచోట చెల్లే ఏర్పాటు 2019 ఆగస్టులోనే మొదలైందని నేను అత్తకు ఫోన్‌లో చెప్పాను, సొంత రాష్ట్రంలోనైతే ఏ దుకాణంలోనైనా ఇస్తారని కూడా చెప్పాను. "దుకాణం తెరిస్తె కద బిడ్డా" అంది.

నేను ఆమెలా పోవడం లేదని నాకు తెలుసు. నా పేరు మీద జీతం వస్తుంది, నా పేరు మీద అద్దె ఒప్పందం రాస్తారు. సెల్లారులో ఉండను, నాలుగో అంతస్తులో ఉంటాను. కింద ఇంకెవరో పాలమూరు ఆమె మెట్లు ఊడుస్తుంది. పాపను ఎవరు పట్టుకుంటారన్న అవ్వ ప్రశ్నకు జవాబు బహుశా ఆమే. ఈ ఆలోచన వచ్చాక కాగితం కాసేపు పక్కన పెట్టేశాను.

రాత్రి మళ్లీ తీసి రెండోవైపు ఇంకో నిలువు గీత గీశాం. అవ్వ చెప్పినవన్నీ రాశాం: పాపను చూసుకునే మనిషికి ఇచ్చే జీతం, చావులకూ పెళ్లిళ్లకూ బస్సు ఖర్చు, గ్యాసు, నాయిన మోకాళ్ల మందులు ఇక్కడ ఎవరు తెస్తారు అన్నది. వంట ఎవరు చేస్తారు అని అతనే రాశాడు, ఎదురుగా తన పేరు రాసి, వారానికి మూడు రోజులు అని బ్రాకెట్ పెట్టాడు. మూడా, నాలుగా అని బేరం నడిచింది. కాలేజీ వాళ్లకు సోమవారంలోగా చెప్పాలి. అవ్వ మాత్రం పొద్దున్నే లేచి, అడగకుండానే, జొన్నలు చెరగడం మొదలుపెట్టింది.