గోదా ఎవరిది? - ఒక కుస్తీ కంపెనీ ఉత్థాన పతనాలు

ఒక కుస్తీ కంపెనీ చరిత్రను గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. అందులోనూ అది అమెరికా కంపెనీ. గెలుపోటములు ముందే నిర్ణయించుకుని ఆడే కుస్తీ. అయితే వారి అభ్యంతరంలోనే నా సమాధానం కూడా ఉంది. గెలుపోటములు ముందే రాసుకుని, వేషాలు కట్టి, వేలాదిమంది ఎదుట ఆడేదాన్ని మనం నాటకమంటాం. నాటకాన్ని గురించి మాట్లాడే హక్కు సాహిత్య విద్యార్థికి లేకపోలేదు. పైగా ఆ నాటకంలో దెబ్బలు మాత్రం నిజమైనవి. మెడలు విరిగేది, మోకాళ్లు అరిగేది నిజంగానే.

మా గోదావరి సీమలో ఒకనాడు కాంట్రాక్టు నాటకాలు జోరుగా సాగేవి. కాంట్రాక్టరు పేరున్న నటులను ఊరూరా విడివిడిగా కుదుర్చుకునేవాడు. ఒక్క నాటకంలోనే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండేవారు. కథ ఎటు పోతున్నదన్న చింత కంటే ఎవరి పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయన్న చింత ఎక్కువ. ఆ నటుల పేర్లు మనకు గుర్తున్నాయి, కాంట్రాక్టర్ల లెక్కలు గుర్తు లేవు. కోడి రామమూర్తి నాయుడుగారి విషయమూ అంతే. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా ఉండి, తర్వాత సర్కస్ కంపెనీ నడిపి, 1942లో కన్నుమూసిన ఆ కలియుగ భీముడు గుండెమీద ఏనుగును నిలుపుకున్న సంగతి పిల్లలక్కూడా తెలుసు. కాని ఆ కంపెనీ జమాఖర్చుల మాట మనమెవరమూ చెప్పుకోం. బలాన్ని ప్రదర్శించే వ్యాపారంలో వస్తాదు పేరు నిలుస్తుంది. నిర్ణయాలు చేసినవాడు చరిత్రనుంచి తప్పుకుంటాడు. అమెరికాలోని అట్లాంటా నగరంలో 1988నుంచి 2001దాకా నడిచిన వరల్డ్ చాంపియన్‌షిప్ రెజ్లింగ్ అనే కంపెనీ విషయంలో మాత్రం నిర్ణయాలూ, తేదీలూ, కోర్టు దావాలూ మిగిలాయి. అందుచేత ఆ కథను ఎత్తుకుంటున్నాను.

టెలివిజన్ దేశవ్యాప్తం కాకముందు అమెరికాలో కుస్తీ వ్యాపారం పరగణాలుగా పంచుకోబడి ఉండేది. 1948లో కొందరు కాంట్రాక్టర్లు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్ అనే కూటమి కట్టుకున్నారు. ఒకరి హద్దులోకి మరొకరు రారాదు. మాట వినని వస్తాదుకు ఎక్కడా పని దొరకదు. ఇది గుత్తాధిపత్యమని ప్రభుత్వ న్యాయశాఖ అభ్యంతరపెట్టగా 1956లో కూటమి రాజీ డిక్రీకి ఒప్పుకోవలసి వచ్చింది. కాబట్టి పాతకాలమంతా ధర్మయుగమనీ, టెలివిజన్ వచ్చి చెడగొట్టిందనీ విలపించేవారితో నేను ఏకీభవించలేను. ఆ పరగణాలలో ఒకటి ఉత్తర, దక్షిణ కరొలినాలు, వర్జీనియా ప్రాంతం. చార్లట్ పట్టణం కేంద్రంగా క్రాకెట్ కుటుంబం దాన్ని ఏలుకునేది. తండ్రి 1973లో పోగా కొడుకు జిమ్ క్రాకెట్ పగ్గాలు పట్టాడు.

న్యూయార్కు పరగణాను 1982లో తండ్రి దగ్గర కొనుక్కున్న విన్స్ మెక్‌మాన్ మొదట హద్దురాళ్లు పీకాడు. కేబుల్ టెలివిజన్ వచ్చాక హద్దులకు అర్థం లేదని అతను గ్రహించాడు. 1984 జులైలో అట్లాంటాలోని టెడ్ టర్నర్ స్టేషన్‌మీద వచ్చే కుస్తీ సమయాన్ని సైతం, ఆ కంపెనీ వాటాలు కొని చేజిక్కించుకున్నాడు. అక్కడి ప్రేక్షకులకు కొత్త ఆట నచ్చలేదు, ఉత్తరాలు గుప్పించారు. మరుసటేడు ఆ సమయం క్రాకెట్ చేతికి వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంతకుముందు అమ్ముడుపోయేది పరగణా. ఇప్పుడు అమ్ముడుపోతున్నది శనివారం సాయంత్రం రెండు గంటలు. పాఠకులు ఈ రెండు గంటలను గుర్తుపెట్టుకుంటే తక్కిన కథ తేలికగా బోధపడుతుంది.

క్రాకెట్ మెక్‌మాన్‌ను అనుకరించబోయి దెబ్బ తిన్నాడు. సొంత విమానాలు, డల్లాస్‌లో ఆఫీసు, 1987లో బిల్ వాట్స్ కంపెనీ కొనుగోలు, ఇలా ఖర్చులు పెరిగాయి. ఏటా నవంబరులో తమ సొంతగడ్డ గ్రీన్స్‌బరోలో జరిగే పెద్ద ఆటను ఆ సంవత్సరం షికాగోకు తరలించాడు. అదే రోజున మెక్‌మాన్ పోటీ ఆట పెట్టి, క్రాకెట్ ఆటను ప్రసారం చేసే కేబుల్ కంపెనీలకు తన తర్వాతి పెద్ద ఆట దక్కదని హెచ్చరించాడు. చాలా కంపెనీలు లొంగిపోయాయి. 1988 నవంబరులో క్రాకెట్ అమ్ముకున్నాడు, టర్నర్ కొన్నాడు. టర్నర్‌కు కుస్తీమీద మమకారం ఉన్నమాట నిజమే. తన స్టేషన్ చిన్నదిగా ఉన్న రోజుల్లో దాన్ని నిలబెట్టిన కార్యక్రమాల్లో కుస్తీ ఒకటి. అయితే ఆయన కొన్నది వస్తాదులను కాదు, తన స్టేషన్‌మీది గంటలు ఖాళీపడకుండా నింపే సరుకును.

ఆ సరుకును చూసుకోవడానికి వచ్చిన అధికారుల వరుస చూడండి. జిమ్ హెర్డ్ అంతకుముందు టెలివిజన్ స్టేషన్‌లోనూ, పిజ్జా హోటళ్ల కంపెనీలోనూ మేనేజరు. కంపెనీకి ప్రాణంలాంటి రిక్ ఫ్లేర్‌ను జుట్టు కత్తిరించుకుని రోమన్ మల్లుడి వేషం కట్టమన్నాడు. జీతం దగ్గర తగవుపెట్టుకున్నాడు. 1991లో ఫ్లేర్ చాంపియన్ బెల్టుతో సహా మెక్‌మాన్ కంపెనీకి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన వాట్స్, గోదా మూలస్తంభాల పైనుంచి దూకే పట్లను నిషేధించాడు. యువ వస్తాదులు ప్రాణాలొడ్డి నేర్చుకున్న విద్యే అది! పాతికేళ్ల కిందటి అభిరుచిని ఆజ్ఞతో తిరిగి తేవచ్చునని అతని నమ్మకం.

1993లో ఎరిక్ బిషాఫ్ అనే వ్యాఖ్యాత అధికారంలోకి వచ్చాడు. ఇతన్ని దుష్టుడుగా చిత్రించడం ఇప్పుడొక ఆనవాయితీ అయింది గాని, ప్రేక్షకుడి మనసు తెలిసినవాడు ఆ వరుసలో ఇతనొక్కడే. 1994లో హల్క్ హోగన్‌ను తెచ్చాడు. మెక్‌మాన్‌తో పోటీ పడాలంటే ఏమి కావాలని టర్నర్ అడిగితే, సోమవారం రాత్రి ముఖ్యసమయం కావాలన్నాడు. 1995 సెప్టెంబరు 4న 'నైట్రో' మొదలైంది. మెక్‌మాన్ తన ఆటల్లో కొన్నింటిని ముందే రికార్డు చేసుకునేవాడు. ఇతను ప్రత్యక్షప్రసారం చేశాడు. 1996 జులై 7న, పన్నెండేళ్లుగా పిల్లలకు ఆదర్శపురుషుడైన హోగన్ దుష్టపాత్రలోకి మారి పరాయిమూకతో కలిశాడు. జనం గోదాలోకి చెత్త విసిరారు. అదే ఏడాది నుంచి 1998 ఏప్రిల్ దాకా, వరుసగా ఎనభైమూడు వారాలు, ప్రేక్షకుల లెక్కలో ఈ కంపెనీయే పైచెయ్యి.

విజయానికి చెల్లించిన ధర ఏమిటి? పేరున్నవారికి ఆడినా ఆడకున్నా ఖాయమైన సొమ్ము. హోగన్ వంటివారికి తమ ఆట ఫలితాన్ని తామే ఒప్పుకోవాలనే షరతు. అంటే ఒకటో కృష్ణుడు రాయబారం ఫలిస్తుందో లేదో తానే తేల్చుకునే హక్కు రాయించుకున్నాడన్నమాట! మరొకవైపు, నిత్యం నెత్తురోడ్చి ఆటను రక్తికట్టించే చిన్న వస్తాదులు, మెక్సికోనుంచి వచ్చిన ముసుగువీరులు, కార్యక్రమం మొదట్లో ఆడి తెరచాటుకు పోవలసిందే. మెక్సికో కుస్తీలో ముసుగంటే వంశగౌరవం. రే మిస్టీరియో ముసుగును 1999 ఫిబ్రవరిలో, అతనికి ఇష్టం లేకపోయినా, ఒక మామూలు కథామలుపు కోసం కంపెనీ ఊడబెరికించింది. మరుసటేడు జాతివివక్ష ఆరోపణలతో నల్లజాతి, ఆసియా జాతులవారు కంపెనీమీద దావాలు వేశారు.

1997 డిసెంబరు 28నాటి ఆటను నేను మా తరగతిలో కథాసంవిధానం చెప్పేటప్పుడు ఉదాహరణగా వాడుతుంటాను. స్టింగ్ అనే వీరుడు ఏడాదికి పైగా ఆడలేదు, మాట్లాడలేదు. ముఖానికి తెల్లరంగు వేసుకుని, మండపాల కప్పుకింద దూలాలమీద కూర్చుని హోగన్ మూక దురాగతాలను చూస్తూ ఉండేవాడు. ప్రేక్షకులు ఏడాదిపాటు ఒక్కరోజుకోసం కాచుకున్నారు. ఆ రోజు వచ్చింది. హోగన్ స్టింగ్‌ను నేలకు అదిమాడు. రిఫరీ మోసంగా గబగబా లెక్కపెట్టాలి. అప్పుడు ఆ మోసాన్ని సరిదిద్ది వీరుణ్ణి గెలిపించడం కథ. రిఫరీ మామూలుగా లెక్కపెట్టాడు. వీరుడు న్యాయంగానే ఓడిపోయినట్టు అందరూ చూశారు. తర్వాత ఏదో తగవు పెట్టి అతన్ని గెలిపించారు. రిఫరీకి ఎవరేమి చెప్పారన్న వివాదం ఈనాటికీ తెగలేదు. భీముడు తొడ విరగగొట్టడం గదాయుద్ధధర్మం కాకపోయినా మన ప్రేక్షకుడు తృప్తిపడతాడు, ఎందుచేత? సభాపర్వంనుంచి ఆ తొడమీద అతనికి హక్కు ఏర్పడింది. ఆ హక్కును దుర్యోధనవేషధారికున్న ఒప్పందపత్రం రద్దు చేస్తే నాటకం మిగలదు. ఆశ్చర్యమేమంటే అప్పటికి కంపెనీ ఆదాయం శిఖరాన ఉంది. నష్టం ఆ రాత్రి లెక్కల్లో కనిపించలేదు.

పనిభారమూ అప్పుడే పెరిగింది. 1995లో వారానికి గంటగా మొదలైన నైట్రో 1998 జనవరికి మూడు గంటలయింది. అదే నెలలో పై ఆదేశంమీద 'థండర్' అనే రెండు గంటల మరో కార్యక్రమం మొదలైంది. వస్తాదులు అదే మనుషులు, కథలు అల్లేవారూ అదే మనుషులు. 1998 జులై 6న అట్లాంటాలో దాదాపు నలభైవేలమంది ఎదుట గోల్డ్‌బర్గ్ హోగన్‌ను ఓడించాడు. టికెట్టు పెట్టి నెలలతరబడి అమ్ముకోదగిన ఆటను, ఆ ఒక్క సోమవారం మెక్‌మాన్ మీద గెలవడానికి ఉచితంగా ఇచ్చేశారు. 1999 జనవరి 4న అదే మండపంలో కెవిన్ నాష్ ఛాతీమీద హోగన్ వేలితో పొడవగా అతను వెల్లకిలా పడి బెల్టు సమర్పించుకున్నాడు. గోల్డ్‌బర్గ్ ఆట చూడవచ్చిన సొంత ఊరి జనానికి ఇది బహుమానం. అదే రాత్రి, పోటీ కార్యక్రమంలో మిక్ ఫోలీ చాంపియన్ కాబోతున్నాడని వెక్కిరింపుగా చెప్పించారు. లక్షలమంది వెంటనే అటు తిప్పుకున్నారు. ఫోలీ ఎన్ని దెబ్బలు తిని ఆ స్థితికి వచ్చాడో ప్రేక్షకులకు తెలుసు, ఆఫీసులోవారికి తెలియలేదు.

తక్కిన పతనం వివరంగా చెప్పనక్కరలేదు. 1999 సెప్టెంబరులో బిషాఫ్‌ను తప్పించారు. అక్టోబరులో మెక్‌మాన్ దగ్గర కథలు రాసిన విన్స్ రూసో వచ్చాడు. 2000 జనవరిలో నలుగురు మంచి వస్తాదులు ఒక్కసారిగా విడిచిపోయారు. ఏప్రిల్‌లో డేవిడ్ ఆర్కెట్ అనే సినిమా నటుణ్ణి, అప్పుడు విడుదలైన ఒక చిత్రం ప్రచారంకోసం, ప్రపంచ చాంపియన్ చేశారు. ఆ పాపంలో నటుడి వంతు తక్కువ. వద్దని చెప్పిచూశాడు, వచ్చిన సొమ్మును చనిపోయిన, గాయపడిన వస్తాదుల కుటుంబాలకు ఇచ్చివేశాడు. ఆ సంవత్సరం నష్టం ఆరు కోట్ల డాలర్లు దాటిందన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఇంతమంది ఇన్ని తప్పులు చేశారు, కాబట్టి కంపెనీ చచ్చింది అనడం చాలునా? తప్పులు చేసి నష్టపోయిన కంపెనీని కొనడానికి బిషాఫ్ మరికొందరు పెట్టుబడిదారులతో కలిసి 2001 జనవరిలో ముందుకొచ్చాడు. బేరం కుదిరిందని ప్రకటన కూడా వెలువడింది. కాని 1996లోనే టర్నర్ సంస్థలు టైమ్ వార్నర్‌లో కలిశాయి. 2001 జనవరిలో టైమ్ వార్నర్ ఏ.ఓ.ఎల్.లో కలిసింది. ఒక్కొక్క కలయికలో టర్నర్ చేతిలోని అధికారం సన్నబడుతూ వచ్చింది. మార్చిలో జేమీ కెల్నర్ అనే కొత్త అధికారి, తన చానళ్లలో కుస్తీకి చోటు లేదని తేల్చాడు. ప్రసారసమయం పోగానే కొనేవారు వెనుదిరిగారు. మార్చి 23న మెక్‌మాన్ కంపెనీ పేరునూ, వేలగంటల టేపులనూ సుమారు పాతిక లక్షల డాలర్లకు కొన్నాడని లెక్క. హోగన్ జీతం కంటే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. రెండు గంటలతో మొదలైన కథ ఆ గంటలతోనే ముగిసింది. గోదా వస్తాదులది కాదు, బిషాఫ్‌దీ కాదు.

టేపులు కొన్నవాడు చరిత్రను కూడా కొన్నాడు. ఆ తర్వాత ఈ కంపెనీ గురించి వచ్చిన ప్రసిద్ధ చిత్రాలు చాలావరకు మెక్‌మాన్ సంస్థ తీసినవే. వాటిలో హోగన్ అహంకారం, రూసో తెలివితక్కువతనం, బిషాఫ్ దుబారా పుష్కలంగా కనిపిస్తాయి. ఒకటి మాత్రం కనిపించదు. ఆ దేశంలో పెద్ద కుస్తీ కంపెనీలు రెండూ తమ వస్తాదులను ఉద్యోగులుగా కాక కాంట్రాక్టుదారులుగా రాసుకున్నాయి. సంఘంలేదు, పింఛనులేదు. 1986లో జెస్సీ వెంచురా సంఘం పెడదామని సహచరులను కదిలిస్తే ఆ కబురు మెక్‌మాన్‌కు చేరింది. చేరవేసినవాడు హోగన్ అని తర్వాత రాయల్టీ దావాలో మెక్‌మాన్ వాంగ్మూలంవల్లనే బయటపడింది. సంఘమే ఉంటే కంపెనీ బతికేదని నేననడంలేదు. అమ్మకం బల్లదగ్గర వస్తాదుల తరపున ఒక్క కుర్చీ అయినా ఉండేది.

మా చిన్నతనంలో కిరాణాకొట్లలో వస్తాదుల బొమ్మల కార్డులు అమ్మేవారు. ఎత్తు, బరువు, గెలిచిన ఆటలు చదువుతూ బడిలో వాటితో పందాలాడేవాళ్లం. అట్లాంటాలో పెరిగిన వీరులను కూడా మేము మెక్‌మాన్ మనుషులనే అనుకున్నాం.

చివరి నైట్రో 2001 మార్చి 26న ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో జరిగింది. కంపెనీ సొంత కార్యక్రమంలోనే మెక్‌మాన్ ముఖం కనిపించింది. ఆఖరి ఆట ఫ్లేర్‌కూ స్టింగ్‌కూ. యాభైరెండేళ్ల ఫ్లేర్ చొక్కా విప్పకుండానే ఆడాడు. స్టింగ్ గెలిచాడు, తర్వాత ఇద్దరూ కౌగలించుకున్నారు. మెక్‌మాన్ తీసుకున్నది రెండు డజన్లమంది ఒప్పందాలనే. పెద్ద ఒప్పందాలున్నవారికి టైమ్ వార్నర్ గడువు తీరేదాకా ఇంటిదగ్గర కూర్చోబెట్టి జీతమిచ్చింది. ఈ రెండు జాబితాల్లోనూ లేనివారు మళ్లీ ఊళ్లలోని చిన్న హాళ్లకు, రాత్రికింతని కూలికి, వెళ్లిపోయారు.