ఆరోగ్యవరము నుండి చందమామ వఱకు

చిత్తూరుసీమకు పడమటి అంచున మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లు కలవు. మూడును మైసూరు పీఠభూమి అంచున, 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నవి. కుప్పము మీదుగా బెంగుళూరు రైలుమార్గము పోవును. పుంగనూరు పేరు చెప్పగానే మూడడుగుల ఎత్తైన పొట్టి ఆవులు మన కన్నులకు కట్టును. ఈ ఊళ్ల సంతలలో తెలుగుతోపాటు కన్నడము, అరవము వినవచ్చుచుండును. పొరుగుభాష ఇచ్చటివారికి వింత కాదు. ఈ సీమలోనే ఒక తెలుగు యువకుడు రోగిగా వచ్చి, దూరదేశపు భాష యొకటి నేర్చి, కోలుకొని వెడలిపోయెను. ఆయన తరువాత మన పిల్లల చేతిలో పెట్టిన బొమ్మల పత్రికను ఎఱుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు.

మదనపల్లెకు చేరువనున్న ఆరోగ్యవరమునందు 1915 లో క్షయరోగుల శానిటోరియం వెలసినది. పెక్కు క్రైస్తవ మిషనులు కలసి దానిని నెలకొల్పినవి. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మోల్లర్ దానికి మొదటి అధిపతి. ఆనాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943 లో. అంతవఱకు వైద్యుల చేతనున్నవి పొడిగాలి, మంచి ఆహారము, అన్నింటికంటె మిన్నగా విశ్రాంతి. రోగి నెలల తరబడి మంచముపై పరుండవలెను. జ్వరము తగ్గిన కొలదిని నాలుగడుగులు నడువవచ్చును. ఇల్లు, వృత్తి, బంధువులు అన్నియు దూరము. ఒడలికి విశ్రాంతి దొరకెను గాని, మనస్సును ఏమి చేయవలెను? శానిటోరియము చేరిన ప్రతి రోగికిని ఈ ప్రశ్న ఎదురయ్యెడిది.

1932 లో ఆ ప్రశ్న ఆలూరి వెంకటసుబ్బారావుగారికి ఎదురైనది. ఆయన 1908 లో తెనాలి చెంత ఐతానగరమున జన్మించిరి. హిందీ నేర్చిరి. చక్రపాణి యను కలము పేరుతోనే లోకము ఆయనను ఎఱుగును. క్షయ సోకగా చికిత్సకై మదనపల్లె వచ్చిరి. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లు. తిరిగి ఇల్లు చేరుదుమో లేదో రోగి ఎఱుగని కాలమది. అట్టి దినములలో ఆయన అక్కడ వంగభాష నేర్చికొనిరి.

వంగభాషకును మదనపల్లెకును అంతకు ముందే ఒక పరిచయము కలదు. 1919 లో రవీంద్రనాథ ఠాకూరు దక్షిణదేశయాత్రలో ఇచ్చటి థియసాఫికల్ కళాశాలలో కొన్ని దినములు విడిసి, తన జనగణమన గీతమును తానే ఆంగ్లమున అనువదించిరి. పదుమూడేండ్లు గడచిన పిమ్మట, ఆ ఊరి చెంతనే ఒక తెలుగు రోగి ఆ కవి భాషలో అక్షరములు దిద్దెను.

కోలుకొని వచ్చిన పిమ్మట చక్రపాణిగారు శరత్‌చంద్రుని నవలలను తెలుగు చేయసాగిరి. శరత్ బాబు తెలుగువాడే యని పాఠకులు భ్రమపడుచుండిరని నేటికిని చెప్పుకొందురు. ఆ కీర్తికి కారణము అనువాదములోని తేటదనము. పరభాషలోని మాటను తెలుగు ఇంటిలోని మాటగా పలికింపవలెనన్నచో ఆడంబరమును విడువవలెను. పిల్లల కొఱకు వ్రాయువానికి కావలసిన మొదటి గుణమును అదియే. రోగశయ్య ఆ గుణమును ఆయనకు ఇచ్చినదని మేము చెప్పజాలము. అది ఆయనకు తీరికను ఇచ్చినది, ఆయన దానిని వృథాపోనీయలేదు.

ఆ కాలముననే ఫ్రాన్సు దేశమున జాఁ ద బ్రునోఫ్ అను చిత్రకారుడుండెను. తన భార్య పిల్లలకు చెప్పిన ఏనుగు కథకు బొమ్మలు వేసి, 1931 లో బాబర్ అను పుస్తకమును వెలువరించెను. ఆయనకును క్షయయే. వ్యాధితో పెనగులాడుచునే తరువాతి బాబర్ కథలకు బొమ్మలు గీచెను. 1937 లో స్విట్జర్లాండునందు 37 ఏండ్ల వయసున కన్నుమూసెను. చివరి కథలు పుస్తకములుగా వెలువడుట ఆయన చూడలేదు. చక్రపాణిగారికి లభించి ఆయనకు లభింపనిది ఆయువు. దానిని తలంచినప్పుడు, ఒక రోగి ఇల్లు చేరుట వలన లోకమునకు కలుగు లాభమెంతటిదో మనకు బోధపడును.

చక్రపాణిగారు బి. నాగిరెడ్డిగారితో కలసి 1947 జూలైలో మద్రాసునుండి చందమామను వెలువరించిరి. తెలుగుతోపాటు అరవమున అంబులిమామ వెలసెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఒక నెల ముందటి మాట యిది. కథకు బొమ్మ అలంకారము మాత్రమే కాదని ఆ పత్రిక చాటినది. అక్షరములు కూడబలుకుకొను బాలుడు బొమ్మను చూచి కథలోనికి అడుగిడును. కథ చదివి మరల బొమ్మలో దానిని వెదకును. చిత్ర, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య మున్నగువారు బొమ్మలు కూర్చిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980 లో మరణించువఱకు సంపాదకత్వము నెరపి, ప్రతి కథయు తేటతెలుగున నడచునట్లు చూచిరి. తరువాత పత్రిక కన్నడ, హిందీ మొదలగు భాషలకు ప్రాకినది, వంగభాషలోను వెలువడినది. ఆరోగ్యవరములో ఒకరు అప్పుగా తెచ్చుకొన్న భాషకు ఆ విధముగా వడ్డీతో చెల్లు వేసినట్లయినది.

శానిటోరియముల కాలము ఇప్పుడు గడచిపోయినది. ఇంటివద్ద మందు పుచ్చుకొన్నను శానిటోరియములో పొందిన ఫలితమే కలుగునని మద్రాసులో జరిగిన పరిశోధన 1959 లో తేల్చినది. మన దేశమున 1948 లో బి.సి.జి. టీకా మొదట ప్రారంభమైన తావులలో మదనపల్లె యొకటి. అది ముఖ్యముగా పసివారిని కాపాడు టీకా. చందమామయు 1975 లో చక్రపాణిగారిని, తరువాత ఒకరొకరుగా తక్కిన పెద్దలను కోల్పోయి, అర్ధశతాబ్దికి పైగా నడచి, చివరకు ఆగిపోయినది.

అయినను ఆ సీమలో భాషలు నేర్చుట ఆగలేదు. 1997 లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము నెలకొన్నది; అనువాదము అచ్చట ఒక ముఖ్యమైన విద్య. ఆ విద్యార్థులలో నెవరైనను పొరుగుభాషలోని ఒక మంచి పిల్లల కథను తేటతెలుగున చెప్పి, దాని ప్రక్కన ఒక మంచి బొమ్మ వేయించిన చాలును. పుంగనూరు ఆవును గూర్చిన కథయైనను సరే. మన పిల్లలు చదివెదరు.