చింతగింజంత చెవి మిషన్, రెండు వందల ఏళ్ల కథ

కళ్లజోడు పెట్టుకున్నావిడను చూస్తే "చదువుకున్నావిడలా ఉంది" అంటారు. అదే చెవిలో మిషన్ కనబడితే "అయ్యో, చెవుడా పాపం!" అంటారు. రెండూ ఒంట్లో వచ్చిన లోటును సర్దే వస్తువులే. ఒకటేమో ముక్కు మీద దర్జాగా కూర్చుంది. రెండోది జుట్టు చాటున, కొంగు చాటున దాక్కుంటూ వచ్చింది. ఆ దాక్కోవడం కోసమే అది ఏటికేడు చిన్నదైపోయింది. అది చిన్నదైన కొద్దీ దాన్ని చూసుకునే చాకిరీ పెద్దదైంది. మా ఇంట్లో రెండు తరాల మిషన్లు చూశాక నాకు అర్థమైన చరిత్ర ఇది.

మొదటిది మా మామయ్యగారిది. ఆయన వరంగల్ ఆజంజాహీ మిల్లులో పాతికేళ్ల పైన పనిచేశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1934లో, ఆయన పెద్దకొడుకు ఆజం జా పేరు మీద మొదలైన మిల్లు అది. ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ మిల్లు జీతంతోనే. మామయ్యగారిది సాంచాల షెడ్డు. వందల సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు, అంతా చేతి సైగలే అనేవారు. ఇంటికొచ్చాక కూడా గొంతు తగ్గేది కాదు. కోపమేమో అని కొత్తలో నేను భయపడేదాన్ని. ఆయన గొంతు ఆయనకే సరిగ్గా వినపడటం లేదని తర్వాత తెలిసింది.

పనిచేసే చోటి చప్పుడు చెవిని తినేస్తుందని లోకానికి ఏనాడో తెలుసు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ వృత్తిరోగాల మీద రాసిన పుస్తకంలో, 1713 నాటి కూర్పులోనే, పొద్దంతా రాగిరేకు కొట్టి వెనిస్ కంచరులకు చెవులు మొద్దుబారుతున్నాయని రాశాడు. మన పెంబర్తిలో ఇత్తడి మీద సుత్తి పడే చప్పుడు విన్నవాళ్లకు ఇదేం వింతగా అనిపించదు.

మామయ్యగారి మిషన్ చొక్కా జేబులో పెట్టుకునే డబ్బా. దాన్నుంచి చెవి దాకా ఒక వైరు. పెన్సిల్ సెల్లుతో నడిచేది. గుడ్డ రాసుకున్నా గరగరమని చెవిలో మోగేది. అందుకని అత్తమ్మ ఆయన బనియన్‌కి ముందువైపు మెత్తటి గుడ్డతో ఓ జేబు కుట్టి పెట్టింది. వైరు మొదట్లోనే తెగేది, ఏడాదికోసారి మార్చాలి. అంతకుమించి దానికి సేవలేం లేవు.

ఈ డబ్బాకు ముందు ఏముండేదో చూద్దాం. మొదట ఉన్నవి చెవి బూరలు. వెడల్పు మూతి మాట్లాడేవాళ్ల వైపు, సన్నటి కొస చెవిలో. లండన్‌లో ఫ్రెడరిక్ రెయిన్ అనే ఆయన 1800లో వీటికోసమే దుకాణం తెరిచాడు. బూరను బూరలా కనపడనివ్వకుండా విసనకర్రలో, టోపీలో, తల మీది అలంకారంలో దాచి ఇచ్చేవారు. పోర్చుగల్ రాజు ఆరో జాన్ కోసం 1819లో ఏకంగా ఓ సింహాసనమే చేశారు. దాని చేతులు నోరు తెరిచిన సింహాలు. వచ్చినవాళ్లు మోకాళ్ల మీద వంగి ఆ సింహం నోట్లో మాట్లాడితే, శబ్దం లోపలి గొట్టాల గుండా రాజుగారి చెవికి చేరేది. అప్పట్లో మన గోవా కూడా ఆయన ఏలుబడిలోదే. రాజుకు చెవుడైతే లోకం మోకాళ్ల మీద వంగింది. మామూలు ఆడమనిషికైతే తనే మూల గదిలోకి వెళ్లిపోవాల్సిన గతి.

అలా మూలకు వెళ్లనని చెప్పినావిడ ఒకరున్నారు. ఇంగ్లండ్ రచయిత్రి హ్యారియట్ మార్టినో. చిన్నవయసులోనే వినికిడి తగ్గింది. బూరను దాచుకోకుండా నలుగురిలో చేత్తో పట్టుకునే తిరిగారు. 1834లో తనలాంటి వాళ్లకు ఒక బహిరంగ లేఖ రాశారు. ఎదుటివాళ్లను పదేపదే ఇబ్బంది పెట్టకండి, అలాగని లోటును దాచుకునీ బతకకండి, బూర వాడటానికి వెనకాడకండి అన్నది దాని సారాంశం. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి ఆ సలహా మన ఇళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు.

తర్వాత కరెంటు వచ్చింది. 1876లో టెలిఫోన్‌కు పేటెంట్ పొందిన గ్రాహంబెల్ తల్లికి వినపడదు, భార్య మేబెల్‌కూ వినపడదు. శబ్దాన్ని కరెంటుగా మార్చి మళ్లీ శబ్దంగా మార్చే ఆ కిటుకే చెవి మిషన్‌కూ పునాది. అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ 1890ల చివర్లో కరెంటు చెవి మిషన్ తెచ్చాడు. తర్వాత కార్లకు క్లాక్సన్ హారన్ కనిపెట్టిందీ ఆయనే! చెవికి మందూ, చెవికి ముప్పూ ఒకే బుర్రలోంచి వచ్చాయన్నమాట. వినికిడి తక్కువగా ఉన్న ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా ఆ మిషన్ వాడిందని చదివాను. డెన్మార్క్‌లో హాన్స్ డెమాంట్ తన భార్య కెమిల్లా కోసం అలాంటిదే తెప్పించి, 1904లో వాటి వ్యాపారమే మొదలుపెట్టాడు. ఇప్పటి ఓటికాన్ కంపెనీకి మొదలు అదే.

1920ల నుంచి వాల్వులతో నడిచే మిషన్లు వచ్చాయి. శబ్దం బాగా పెరిగేది, కానీ బ్యాటరీలు బండలు. వాటిని నడుముకో తొడకో కట్టుకుని బట్టల కింద దాచుకునేవారు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. ట్రాన్సిస్టర్ అంటే మనకు రేడియోనే గుర్తొస్తుంది. కానీ అది అంగట్లోకి మొదట వచ్చింది చెవి మిషన్‌లోనే. 1952 చివర సోనోటోన్ 1010 వచ్చింది, ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది 1954లో. బెల్ జ్ఞాపకార్థం చెవి మిషన్లు చేసేవాళ్ల దగ్గర ఆ కంపెనీ రాయల్టీ కూడా తీసుకోలేదు.

ఇక్కడే మొదటి చిక్కు. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే మిషన్‌లో తొలి ట్రాన్సిస్టర్లు చెమట తడికి పాడైపోయేవి. వాటిని గాలి చొరకుండా మూసి తయారుచేయడం నేర్చుకున్నాకే నిలబడ్డాయి. మిషన్ ఒంటికి దగ్గరైన కొద్దీ తడి దానికి శత్రువైంది. ఆ శత్రుత్వం ఇప్పటికీ పోలేదు.

తర్వాత చిన్నదవడం ఆగలేదు. చెవి వెనక పెట్టుకునేవి, ఆపైన చెవిలోనే ఇమిడేవి వచ్చాయి. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చెవిలో మిషన్‌తో కనపడేసరికి అక్కడ వాటి అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయట. 1990ల్లో చెవి కాలువ లోపలికి పూర్తిగా వెళ్లిపోయేవి, 1996 నుంచి పూర్తి డిజిటల్‌వి వచ్చాయి. మన దేశంలో మైసూరు వాక్ శ్రవణ సంస్థ 1960ల్లో, కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో 1972లో ఏర్పడ్డాయి. 1981 నుంచి కేంద్రం ఆడిప్ పథకం కింద పేదలకు మిషన్లు ఇస్తోంది. 2017లో పేద వృద్ధుల కోసం వయోశ్రీ యోజనను మన నెల్లూరులోనే మొదలుపెట్టారు.

ఇక రెండో మిషన్, మా అత్తమ్మది. అరవై దాటాక వినికిడి తగ్గుతూ వచ్చింది. టీవీ శబ్దం పెరిగింది, ఫోన్ మాటలు తగ్గాయి. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర అందరి చప్పట్లూ అయ్యాక ఈమె చప్పట్లు పడేవి. పాట చెప్పే మనిషి, వెనక వరసలోకి జరిగిపోయింది. మామయ్యగారి లాంటి డబ్బా కొందామంటే "గా వైరు ఏలాడేసుకొని బతుకమ్మ కాడికెట్ల పోవాలె బిడ్డా?" అంది. ఆడియోగ్రామ్ తీయించి, చెవి అచ్చు ఇచ్చి, లోపల ఇమిడేది చేయించాం. చింతగింజంత ఉంది. మొదటిరోజు "పల్లెం కింద పెడితే పిడుగు పడ్డట్టు ఇనవడ్తాంది" అని తీసేసింది. రోజుకు గంటో రెండు గంటలో, ముందు ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టుకుంటూ పోతే నెలకు అలవాటైంది.

ఆరో వారానికి అది మూగబోయింది. కొన్న చోట అడిగితే రిపేరుకు పంపాలన్నారు. మా అమ్మాయి భూతద్దం పెట్టి చూస్తే శబ్దం వచ్చే రంధ్రం నిండా గులిమి! ఫిల్టర్ మార్చగానే పలికింది. వేలకు వేలు పోసి కొన్న వస్తువు ఆవగింజంత గులిమికి ఆగిపోయింది. అప్పటినుంచి డబ్బాలో వచ్చిన సూచనల కాగితం నాకు చరిత్ర పాఠంలా కనిపిస్తోంది. అందులో ప్రతి మాటకూ వెనక ఒక కారణం ఉంది.

"తడి తగలనివ్వద్దు" అనేది 1950ల నాటి పాఠం. స్నానానికి ముందు తీసేయాలి, చెవి బాగా ఆరాకే పెట్టాలి. తలకు నూనె, పౌడరు అయ్యాక, చేతులు కడిగి తుడుచుకున్నాక ముట్టుకోవాలి. రాత్రి తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. వానాకాలం, మన ఎండల చెమట రెండూ దానికి గండాలే. అలాగని ఎండలో ఆరబెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ అసలు వద్దు.

"రోజూ తుడవండి" అనేది మిషన్ చెవిలోపలికి వెళ్లాక వచ్చిన పాఠం. జేబులో డబ్బాకు గులిమి బాధ లేదు. పొద్దున్నే, రాత్రి గులిమి ఎండి ఉంటుంది కనుక, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని చిన్న బ్రష్‌తో దులపాలి. పైకి పట్టుకుని దులిపితే అది లోపలికే పోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు, నీళ్లూ స్పిరిటూ వద్దు. పిన్నీసుతో పొడవద్దు. చెవిలోని గులిమి సంగతి చెవి డాక్టరుకే వదిలేయాలి.

బ్యాటరీ స్టిక్కరు 1970ల చివరి పాఠం. పాత పాదరసం సెల్లుల స్థానంలో గాలితో పనిచేసే జింక్ సెల్లులు వచ్చాయి. స్టిక్కరు పీకగానే గాలి లోపలికి వెళ్లి పని మొదలవుతుంది. పీకాక కొద్ది నిమిషాలు ఆగి వేస్తే మంచిది. మళ్లీ స్టిక్కరు అంటించినా ఖర్చు ఆగదు. అందుకే అవసరమైనప్పుడే పీకాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ సెల్లులు మాత్రల పక్కన పెట్టకండి. మింగితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇక ఈల. మైకూ స్పీకరూ చింతగింజలో పక్కపక్కన ఉన్నాయి కనుక, బయటికి కారిన శబ్దం మళ్లీ లోపలికి పోయి కూత పెడుతుంది. మిషన్ సరిగ్గా కూర్చోకపోయినా, చెవిలో గులిమి నిండినా అదే కూత. రెండు చెవులకూ ఉంటే ఎర్ర గుర్తు కుడిది, నీలం ఎడమది.

ఇంత పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. మందులు, కళ్లజోడు, పళ్లసెట్టు, వాటి పక్కన ఇదొకటి. మా ఇంట్లో పంచుకున్నాం. తుడవడం అత్తమ్మే చేసుకుంటుంది, ఆమె చేతులు ఇంకా వణకవు. ఫిల్టర్ మార్చడం, సెల్లులు తేవడం మా ఆయన పని. నా వంతు, ఆమెతో మాట్లాడేటప్పుడు వంటింట్లోంచి అరవకుండా ఎదురుగా వచ్చి మాట్లాడటం.

మిషన్ కొనే ముందు "కనపడనిది ఉందా?" అని అడగటం మామూలే. దానికంటే ముందు పెద్దవాళ్ల వేళ్లు ఆ చిన్న సెల్లు పట్టుకోగలవా, కళ్లు ఆ రంధ్రం చూడగలవా, వినికిడి ఎంత తగ్గింది అని అడగండి. వేళ్లు వణికేవాళ్లకు, బాగా తగ్గినవాళ్లకు చెవి వెనక పెట్టుకునే పెద్దదే మేలు కావచ్చు. అది నలుగురికీ కనపడుతుంది, నిజమే. హ్యారియట్ మార్టినో బూర కూడా కనపడేది.

మీ ఇంట్లో ఏ సొరుగులోనైనా "పనిచేయట్లేదు" అని పడేసిన మిషన్ ఉంటే, కొత్తది కొనేలోపు వెలుతురులో పెట్టి దాని రంధ్రం ఒక్కసారి చూడండి. పాడైంది మిషన్ కాకపోవచ్చు.